పక్క తడిపే పిల్లలు: ఏది అలవాటు, ఏది పోలిక

క్లుప్తంగా: అయిదేళ్లు దాటిన పిల్లలు నిద్రలో పక్క తడపడం వెనక చాలా ఇళ్లలో ఉండేది వంశపారంపర్యమే. అమ్మానాన్నల్లో ఒకరికి చిన్నప్పుడు ఈ సమస్య ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం నూటికి 44, ఇద్దరికీ ఉంటే 77 అని ఇప్పటికీ వాడుకలో ఉన్న ఒక పాత లెక్క. జన్యువుల వల్ల ప్రధానంగా జరిగేది ఆలస్యం. ఆ ఆలస్యాన్ని తగ్గించే వైద్యం ఉంది. డాక్టర్‌కు బాగా పనికొచ్చే సమాచారం ఇంట్లో పెద్దల దగ్గరే ఉంటుంది, తరచూ దాన్ని దాచేదీ వాళ్లే.

ఏటా జూన్‌లో బడులు తెరిచే ముందు కొన్ని ఇళ్లలో ఒకటే టెన్షన్. పిల్లాడిని అయిదో తరగతిలో గురుకులంలో చేర్చాలి, వాడేమో ఇంకా పక్క తడుపుతున్నాడు. ప్రకాశం పడమటి మెట్ట ఊళ్ల నుంచి పనుల కోసం హైదరాబాద్, బెంగళూరు పోయే కుటుంబాలకు హాస్టల్ తప్ప దారి ఉండదు. నెల్లూరు, కావలి వైపు మంచి చదువు కోసం రెసిడెన్షియల్ బడిలో వేసేవాళ్లకూ ఇదే చిక్కు. ఇంట్లో ఉన్నంతకాలం చాప కడిగి, బొంత ఎండలో వేసి సర్దుకున్న విషయం అప్పుడు ఒక్కసారిగా పెద్ద సమస్య అయి కూర్చుంటుంది.

అప్పుడు చుట్టుపక్కల నుంచి వినిపించే కారణాలు దాదాపు అన్ని ఊళ్లలో ఒకటే. లేవడానికి బద్ధకం అంటారు కొందరు. ఏదో చూసి జడుసుకున్నాడు, తాయెత్తు కట్టించమంటారు ఇంకొందరు. రాత్రి మజ్జిగ ఎక్కువ తాగుతున్నాడు, పుచ్చకాయ తిన్నాడు, నీళ్లు పడలేదు అన్నవీ వస్తాయి. నాన్నకో, మేనమామకో కూడా చిన్నప్పుడు ఇలాగే ఉండేదన్న మాట మాత్రం చాలా ఆలస్యంగా, అదీ చాటుగా బయటపడుతుంది. శాస్త్రం ఎక్కువగా సమర్థించేది ఆ చివరి మాటనే.

ఏ వయసు దాకా మామూలు

అయిదేళ్ల లోపు పిల్లలు రాత్రి పక్క తడిపితే డాక్టర్లు దాన్ని సమస్యగా లెక్కలోకే తీసుకోరు. మూత్రసంచికీ మెదడుకూ మధ్య సమన్వయం అప్పటికింకా కుదిరి ఉండదు. అయిదేళ్లు నిండాక కూడా నూటికి 15 మంది దాకా అప్పుడప్పుడైనా పక్క తడుపుతారు. ఆ తర్వాత ఏటా, మిగిలినవాళ్లలో దాదాపు 15 శాతం మందికి ఏ మందూ లేకుండానే ఆగిపోతుంది. ఏడేళ్ల వయసుకు నూటికి ఏడు నుంచి పది మందికి ఉంటుంది. అంటే నలభై మంది ఉన్న రెండో తరగతి గదిలో ముగ్గురో నలుగురో ఉంటారు. ఎవరికి వాళ్లు తామొక్కరమే అనుకుంటూ కూర్చుంటారు. మగపిల్లల్లో ఇది ఆడపిల్లల కన్నా సుమారు రెట్టింపు.

హాంకాంగ్‌లో 5 నుంచి 19 ఏళ్ల మధ్యవాళ్లు 16 వేల మందికి పైగా పాల్గొన్న ఒక సర్వే ఫలితాలు 2006లో వచ్చాయి. అందులో అయిదేళ్ల వయసులో 16 శాతం, ఏడేళ్లకు 10 శాతం, 19 ఏళ్లకు 2 శాతం కొంచెం పైన తేలింది. తిండి, వాతావరణం, పిల్లల్ని పెంచే పద్ధతి ఎంత వేరుగా ఉన్నా యూరప్ దేశాల అంకెలు కూడా దీనికి దగ్గర్లోనే ఉంటాయి. పెంపకంలో లోపమే కారణమైతే దేశానికో రకంగా ఉండాల్సింది. మరో సంగతి కూడా ఆ సర్వేలో బయటపడింది: చిన్న వయసులో అప్పుడప్పుడు తడిపేవాళ్లే ఎక్కువ, వయసు పెరిగే కొద్దీ మిగిలేది దాదాపు ప్రతి రాత్రీ తడిపేవాళ్లు. తేలికపాటి సమస్య ముందు పోతుంది, గట్టిది నిలబడుతుంది. అందుకే ‘పెద్దయితే అదే పోతుంది’ అన్న మాట అయిదేళ్ల పిల్లాడికి సరిపోయినంతగా పన్నెండేళ్ల పిల్లాడికి సరిపోదు.

ఇక్కడ ఒక విభజన గుర్తుంచుకోవాలి. పుట్టినప్పటి నుంచీ ఎన్నడూ వరసగా ఆర్నెల్లు పొడిగా లేని పిల్లలు ఒక రకం. ఆర్నెల్లో ఆపైనో బాగానే ఉండి మళ్లీ మొదలైనవాళ్లు రెండో రకం. ఈ వ్యాసంలో వంశం గురించి చెబుతున్నది ముఖ్యంగా మొదటి రకానికే వర్తిస్తుంది.

కవలలు, కుటుంబాలు చెప్పిన లెక్క

ఈ విషయంలో ఇప్పటికీ ఎక్కువగా వాడే అంకెలు న్యూయార్క్ పిల్లల వైద్యుడు హ్యారీ బేక్విన్ 1970ల తొలి ఏళ్లలో ప్రచురించినవి. తల్లిదండ్రులిద్దరికీ చిన్నప్పుడు సమస్య ఉన్న ఇళ్లలో నూటికి 77 మంది పిల్లలకు, ఒక్కరికే ఉన్న ఇళ్లలో 44 మందికి, ఇద్దరికీ లేని ఇళ్లలో 15 మందికి ఈ సమస్య కనిపించింది. కవలల మీద కూడా ఆయన చూశారు. ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరికి ఉంటే రెండోవారికీ ఉన్న జంటలు 68 శాతం, వేరువేరు అండాల కవలల్లో 36 శాతం. ఇద్దరూ పెరిగేది ఒకే ఇంట్లో, తినేది ఒకే తిండి, తిట్టే మనుషులూ వాళ్లే. అయినా తేడా దాదాపు రెట్టింపు వచ్చిందంటే, ఆ తేడా రక్తంలోంచే రావాలి.

ఫిన్లాండ్ కవలలపై 1998లో వచ్చిన ఇంకా పెద్ద అధ్యయనం కూడా అదే దారిలో నడిచింది. పిల్లల మధ్య ఈ విషయంలో కనిపించే తేడాల్లో దాదాపు మూడింట రెండొంతులు జన్యువుల వల్లేనని లెక్కగట్టింది. ఈ మాటను జాగ్రత్తగా చదువుకోవాలి. ఒక పిల్లాడి సమస్యలో మూడింట రెండొంతులు నాన్న వల్ల, మిగతాది నీళ్ల వల్ల అని పంచుకునే లెక్క కాదిది. ఒక జనాభా మొత్తంలో కొందరికి ఎందుకు ఉంది, కొందరికి ఎందుకు లేదు అన్న ప్రశ్నకు మాత్రమే ఇది జవాబు.

పై అంకెల్ని తిప్పి చదివినా ఒక సంగతి దొరుకుతుంది. ఇద్దరికీ ఉన్నా నూటికి 23 మంది పిల్లలు తప్పించుకున్నారు. ఒకే జన్యువులున్న కవలల జంటల్లో కూడా మూడో వంతు జంటల్లో ఒకరు తడిపితే ఇంకొకరు తడపలేదు. ఎవరికీ లేని ఇళ్లలోనూ నూటికి 15 మందికి వచ్చింది. కాబట్టి వంశంలో ఉంటే వచ్చి తీరుతుందనీ, లేకపోతే రానే రాదనీ రెండూ చెప్పలేం.

తల్లి వైపా, తండ్రి వైపా అన్నది మన ఇళ్లలో శాస్త్రం కన్నా పంతం ఎక్కువున్న ప్రశ్న. ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ ప్రాంతంలో వేల మంది పిల్లల్ని పుట్టుక నుంచి గమనిస్తూ వచ్చిన ఎవన్ అధ్యయనంలో దీనికి కొంత జవాబు ఉంది. తీవ్రంగా పక్క తడిపే సమస్య తల్లికి ఆ చరిత్ర ఉన్నప్పుడు సుమారు మూడున్నర రెట్లు, తండ్రికి ఉన్నప్పుడు రెట్టింపుకు కొంచెం తక్కువగా పెరిగింది. రెండు వైపుల నుంచీ వస్తుందన్నదే దీని సారం. తల్లి లెక్క ఎక్కువ కనిపించడానికి ఒక కారణం ఊహించవచ్చు. ఈ సమస్య ఆడపిల్లల్లో తక్కువ, కాబట్టి అది కనిపించిన ఆడమనిషి దగ్గర వంశ ప్రభావం బలంగా ఉండి ఉండొచ్చు. తండ్రులు తమ చిన్ననాటి సంగతి మరిచిపోవడమో చెప్పకపోవడమో కూడా ఈ లెక్కను ఎంతో కొంత మార్చి ఉండొచ్చు.

ఒక్క జన్యువు దొరుకుతుందా

1995లో డెన్మార్క్ పరిశోధకుడు హాన్స్ ఐబర్గ్ బృందం, తరతరాలుగా ఈ సమస్య ఉన్న కుటుంబాల్ని తీసుకుని, దాని ఆనవాలు 13వ క్రోమోజోమ్ మీద ఉందని ప్రకటించింది. ఆ తర్వాత వేరే కుటుంబాల్లో 12, 22 క్రోమోజోముల మీదా జాడలు దొరికాయి. అంటే బయటికి ఒకేలా కనిపించే సమస్య ఒక్కో వంశంలో ఒక్కో చోటు నుంచి మొదలవుతోందన్నమాట. దాదాపు సగం కుటుంబాల్లో ఇది ఒక తరం నుంచి ఇంకో తరానికి నేరుగా దిగుతున్నట్టు కనిపిస్తుంది. తల్లి నుంచో తండ్రి నుంచో ఆ జన్యువు ఒక్క ప్రతి వచ్చినా చాలు. మూడో వంతు పిల్లల ఇళ్లలో మాత్రం వెతికినా ఎవరికీ ఉన్నట్టు తేలదు.

2021లో డెన్మార్క్ నుంచే మరో పెద్ద అధ్యయనం వచ్చింది. సమస్య ఉన్న దాదాపు 3,900 మందినీ, లేని 31 వేల మందినీ పోల్చి, మొత్తం జన్యుపటాన్ని జల్లెడ పట్టారు. 6వ, 13వ క్రోమోజోముల మీద రెండు చోట్ల స్పష్టమైన సంకేతాలు దొరికాయి. ఆ ప్రాంతాల్లో మెదడు, నిద్ర, మూత్రసంచి పనితీరుతో సంబంధం ఉండగల జన్యువులు ఉన్నాయి. వందల చోట్ల ఉన్న చిన్న చిన్న తేడాలన్నీ కలిపితే పావు వంతు నుంచి మూడో వంతు దాకా ప్రభావం లెక్కకు వచ్చింది. చదువులో నిలకడ లేకపోవడం, అతిచురుకుదనం లాంటి లక్షణాలుండే ఏడీహెచ్‌డీ సమస్యకు దారితీసే జన్యు తేడాలతో దీనికి కొంత చుట్టరికం కూడా కనిపించింది. ఈ రెండూ కలిసి ఉన్న పిల్లలు డాక్టర్లకు కొత్తేమీ కాదు.

ఇన్ని తెలిసినా, పిల్లాడి రక్తం తీసి ‘ఇదిగో ఈ జన్యువు వల్లే’ అని చెప్పే పరీక్ష ఏదీ లేదు. అలాంటిది ఉందని ఎవరైనా డబ్బు అడిగితే ఆ డబ్బు దండగే.

రక్తంలో దిగేది ఏమిటి

జన్యువులు నేరుగా పక్క తడపవు. అవి మార్చేది మూడు చోట్ల జరిగే పనుల్ని. ఇంటి మీది నీళ్ల ట్యాంకును తలుచుకుంటే చాలు: మోటార్ ఆగకుండా తోడుతూ ఉండొచ్చు, ట్యాంకు చిన్నదై ఉండొచ్చు, నిండిందని అరిచే అలారం పని చేయకపోయి ఉండొచ్చు. పొర్లేది ఎప్పుడూ నీళ్లే అయినా, కారణం ఈ మూడింట్లో ఏదైనా కావచ్చు.

మోటార్ సంగతి మొదట. మెదడులో తయారయ్యే వాసోప్రెసిన్ అనే హార్మోన్ కిడ్నీలకు నీళ్లు వెనక్కి తీసుకోమని చెబుతుంది. చాలామందిలో రాత్రి దాని మోతాదు పెరుగుతుంది, అందుకే ఎనిమిది గంటలు లేవకుండా నిద్రపోగలం. 1980ల్లో డెన్మార్క్‌లోని ఆర్హస్ వైద్యులు పక్క తడిపే పిల్లలు కొందరిలో ఈ రాత్రి పెరుగుదల కనిపించడం లేదని గుర్తించారు. వాళ్ల కిడ్నీలు పగలు చేసినంత మూత్రం రాత్రీ చేస్తాయి.

ట్యాంకు కొలతకు డాక్టర్లు వాడే లెక్క తేలిక. పిల్లాడి వయసుకు ఒకటి కలిపి 30తో హెచ్చిస్తే మూత్రసంచి పట్టాల్సిన పరిమాణం మిల్లీలీటర్లలో వస్తుంది. ఏడేళ్లవాడికి 240, అంటే పావు లీటరు బాటిల్ కన్నా కొద్దిగా తక్కువ. రాత్రి మొత్తం మూత్రం దీనికి 130 శాతం దాటితే, అంటే 312 మిల్లీలీటర్లు మించితే, మోటార్ వైపే లోపమని అర్థం. కొలవడానికి ఆస్పత్రి అక్కర్లేదు. రాత్రికి డైపర్ వేసి పొద్దున తూకం వేసి, పొడి డైపర్ బరువు తీసేసి, లేవగానే పోసిన మూత్రాన్ని కొలత గ్లాసులో పట్టి కలిపితే సరి. పగలు రెండు మూడు రోజులు ఒక్కోసారి ఎంత పోస్తున్నాడో కూడా రాస్తే, 240 పట్టాల్సిన సంచి 120కే ఆగిపోతోందా అన్నది తెలిసిపోతుంది. చాలా పరీక్షల కన్నా ఈ కాగితం ముక్కే డాక్టర్‌కు ఎక్కువ చెబుతుంది.

మూడోది అలారం. ఇంట్లోవాళ్లు ‘మొద్దు నిద్ర, ఎత్తి కుదేసినా లేవడు’ అనేది దీన్నే. లేవలేడన్నది నిజం. కానీ 2008లో హాంకాంగ్ వైద్యులు తీవ్రమైన సమస్య ఉన్న పిల్లల నిద్రను రాత్రంతా రికార్డు చేస్తే అది గాఢనిద్ర కాదని తేలింది. మూత్రసంచి పదే పదే పంపే సంకేతాలకు మెదడు మాటిమాటికీ కదులుతుంది, నిద్ర తేలికపడి ముక్కలవుతుంది, అయినా పూర్తి మెలకువ రాదు. పొద్దున బడిలో తూగుతూ కూర్చునే పిల్లలకు ఇదొక కారణం కావచ్చు. బద్ధకం అన్న మాట ఇక్కడ అసలు అతకదు.

ఒకే వంశంలో అన్నకు మోటార్ లోపం, చెల్లెలికి చిన్న సంచి ఉండవచ్చు. ఏ జన్యువు ఉంటే ఏ లోపం వస్తుందన్న సూటి సంబంధం తేలలేదు. తండ్రికి పని చేసిన మందే కొడుక్కీ పని చేస్తుందని అనుకోకూడదన్నది ఇందుకే.

మేనరికం వల్లా?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సుమారు నాలుగో వంతు పెళ్లిళ్లు రక్తసంబంధీకుల మధ్య జరిగినవే. అందుకే ‘మేనరికం చేసుకున్నాం, దాని వల్లేనా?’ అన్న ప్రశ్న నెల్లూరు, ప్రకాశం పల్లెల్లో సహజంగానే వస్తుంది.

మేనరికంలో ఎక్కువగా భయపడాల్సిన జబ్బులు, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపభూయిష్ట ప్రతులు కలిస్తేనే బయటపడేవి. పక్క తడపడం చాలా కుటుంబాల్లో ఆ తీరులో దిగదు, ఒక్క ప్రతి చాలు. కాబట్టి బయటి సంబంధం చేసుకున్నా ఇది వస్తుంది, వస్తూనే ఉంది. అయితే మేనరికం లెక్కను ఇంకో రకంగా మారుస్తుంది. అక్క కూతుర్ని చేసుకున్న ఇంట్లో పిల్లాడి అమ్మమ్మా, నాన్నా తోబుట్టువులు. ఆ అమ్మమ్మ వైపు పోలిక ఉంటే అది తల్లి దగ్గరికీ చేరి ఉండొచ్చు, తండ్రి దగ్గరా ఉండొచ్చు. అంటే బేక్విన్ లెక్కలో 44 ఉన్న గడిలోంచి 77 ఉన్న గడిలోకి జరిగే అవకాశం పెరుగుతుంది. వచ్చేది కొత్త జబ్బు కాదు, ఉన్న పోలికకు రెండు దారులు ఏర్పడటమే. ‘మీ వాళ్ల నుంచి వచ్చిందా, మా వాళ్ల నుంచి వచ్చిందా’ అన్న తగువు ఆ ఇళ్లలో ఎలాగూ తేలదు, రెండు వైపులా ఉన్నది ఒకే ఇంటివాళ్లు.

నీళ్లు, మలబద్ధకం, భయం

వంశం తుపాకీలో గుండు పెట్టినా, ట్రిగ్గర్ నొక్కేవి వేరే ఉంటాయి. వాటిలో ఎక్కువగా పట్టించుకోనిది మలబద్ధకం. గట్టిపడిన మలం పెద్దపేగు చివర పేరుకుని పక్కనే ఉన్న మూత్రసంచిని నొక్కుతుంది, సంచి పట్టే చోటు తగ్గిపోతుంది. చాలా ఇళ్లలో పిల్లాడు రోజూ విరేచనానికి పోతున్నాడా అన్నది ఏడెనిమిదేళ్లు దాటాక ఎవరూ చూడరు. దాన్ని సరిచేస్తేనే పక్క తడపడం తగ్గిన పిల్లలు కొందరుంటారు.

రెండోది నీళ్లు తాగే వేళ. బడిలో మరుగుదొడ్డి బాగాలేదని, ముఖ్యంగా ఆడపిల్లలు, పగలంతా నీళ్లు తాగరు. సాయంత్రం ఇంటికొచ్చి చెంబుల కొద్దీ తాగుతారు. వేసవిలో ప్రభుత్వ బడుల్లో మోగించే వాటర్ బెల్ ఎండదెబ్బ కోసం పెట్టిందే అయినా, నీళ్లను పగటికి జరపడానికి ఈ పిల్లలకూ పనికొస్తుంది. రోజు మొత్తం నీళ్లు తగ్గించడం మాత్రం పొరపాటు. నెల్లూరు ఎండల్లో అది ఇంకో ప్రమాదం.

కనిగిరి చుట్టుపక్కల ఫ్లోరైడ్ నీళ్లతో, కిడ్నీ జబ్బులతో ఊళ్లు పడ్డ పాట్లు అందరికీ తెలిసినవే. అందుకే అక్కడ పిల్లాడు పక్క తడిపితే ‘కిడ్నీలేమో’ అన్న భయం వెంటనే వస్తుంది. పగలంతా మామూలుగా ఉండి, పెరుగుదల బాగుండి, రాత్రి మాత్రమే పక్క తడపడం కిడ్నీ జబ్బు లక్షణం కాదు. అనుమానం తీరాలంటే ఒక మూత్ర పరీక్ష చాలు: చక్కెర, ప్రోటీన్, ఇన్ఫెక్షన్ మూడూ అందులోనే తెలుస్తాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అయ్యే పనికి స్కానింగులు అక్కర్లేదు.

భయం, దిగులు కూడా పాత్ర పోషిస్తాయి, ఎక్కువగా రెండో రకంలో. కొత్తగా తమ్ముడు పుట్టడం, తల్లిదండ్రులు వలస పోయి పిల్లలు అవ్వాతాతల దగ్గర మిగలడం, బడిలో వేధింపు లాంటివాటి తర్వాత ఆగిన సమస్య మళ్లీ మొదలవుతుంది. పుట్టినప్పటి నుంచీ ఉన్న సమస్యకు మాత్రం దిగులు కారణం కన్నా ఫలితమే ఎక్కువ. తిట్లు, వాతలు పెడతామన్న బెదిరింపులు, చుట్టాల ముందు ఎగతాళి ఏ హార్మోనునూ పెంచవు.

ఇంట్లో దాచిన చరిత్ర

డాక్టర్ మొదట అడిగే నాలుగైదు ప్రశ్నల్లో ఇదొకటి: ‘చిన్నప్పుడు మీ ఇద్దరిలో ఎవరికైనా ఉండిందా?’ తల్లి అత్తగారి వంక చూస్తుంది. అత్తగారు ‘మా ఇంటావంటా లేదయ్యా’ అంటుంది. తండ్రి ఫోన్ చూసుకుంటూ ఉంటాడు. వారం తర్వాత రెండోసారి వచ్చినప్పుడు, పిల్లాడిని బయట కూర్చోబెట్టి, గొంతు తగ్గించి ఎవరో ఒకరు చెబుతారు: ‘వాళ్ల నాయనకు ఏడో తరగతి దాకా ఉండింది సార్. పిల్లోడి ముందర ఎట్ట చెప్పేది?’ పిల్లల వైద్యంలో ఉన్నవాళ్లకు ఇది బాగా అలవాటైన వరస.

ఆ ఒక్క వాక్యంతో చాలా మారుతుంది. పుట్టినప్పటి నుంచీ ఉండి, పగలు ఇబ్బంది లేక, ఇంట్లో చరిత్ర కూడా ఉంటే అనవసర పరీక్షల జోలికి పోవాల్సిన పని తగ్గుతుంది. ఎప్పటికి తగ్గవచ్చన్నదానికి ఒక ఉజ్జాయింపు దొరుకుతుంది, తండ్రికి ఆగిన వయసుకే కొడుక్కీ ఆగాలని లేకపోయినా. అన్నిటికన్నా, ఎదురుగా ఉన్న గట్టి మనిషికి, తనను తిట్టే నాన్నకే, ఇది ఉండేదని తెలిసిన పిల్లాడికి తనలో ఏదో లోపం ఉందన్న బరువు సగం దిగుతుంది. పిల్లోడి ముందర చెప్పలేని మాట నిజానికి పిల్లోడే వినాల్సిన మాట.

దాచడానికి కారణాలు లేకపోలేదు. ఆడపిల్లకు ఉందంటే రేపు సంబంధాలు చూసేటప్పుడు బయటపడుతుందన్న భయం ఒకటి. కోడలి పుట్టింటి మీదికి నెపం నెట్టే అవకాశం ఇంకొకటి. అయితే దీని అవతలి చివర కూడా ప్రమాదమే. ‘వాళ్ల నాయనకూ ఉండిందిలే’ అని తేలిగ్గా వదిలేసి పదమూడు, పద్నాలుగేళ్లు లాగించే ఇళ్లున్నాయి. వంశం ఉందని తెలియడం నిందను ఆపాలి, వైద్యాన్ని ఆపకూడదు.

వంశంలో ఉంటే మందు పని చేస్తుందా

చేస్తుంది. జన్యువులు మందుకు అడ్డుగోడ కాదు. ఆరేడేళ్లు దాటి, పిల్లాడికే ఇబ్బందిగా ఉన్నప్పుడు రెండు మార్గాలున్నాయి.

ఒకటి అలారం. అమెరికాలో మౌరర్ దంపతులు 1938లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. లోదుస్తులకు తగిలించిన చిన్న సెన్సార్ మీద రెండు చుక్కలు పడగానే మోగుతుంది. మొదటి రెండు మూడు వారాలు పిల్లాడు తప్ప ఇంటిల్లిపాదీ లేస్తారు. ఎవరో ఒకరు లేచి, పిల్లాడిని పూర్తిగా మేలుకొలిపి, నడిపించి మరుగుదొడ్డికి తీసుకెళ్లాలి. నిద్రమత్తులో ఎత్తుకెళ్లి పోయిస్తే ఆ రాత్రికి పక్క ఆరుతుంది గానీ మెదడు ఏమీ నేర్చుకోదు. రెండు మూడు నెలలు ఓపిక పడితే మూడింట రెండొంతుల మందికి ఆగుతుంది, వాళ్లలో దాదాపు సగం మందికి అలారం తీసేశాక కూడా నిలుస్తుంది. ఒకే గదిలో అందరూ పడుకునే ఇళ్లలో, తెల్లవారుజామునే పనికి పోయే తల్లులకు ఇది తేలిక కాదు. పద్ధతి మంచిదే, ఇల్లు అందుకు సహకరించాలి.

రెండోది డెస్మోప్రెసిన్ మాత్ర. వాసోప్రెసిన్ చేయాల్సిన పనినే చేస్తుంది కాబట్టి మోటార్ లోపం ఉన్నవాళ్లకు బాగా పనికొస్తుంది. వేసుకున్న రాత్రి ఫలితం ఉంటుంది, ఆపితే చాలామందిలో సమస్య తిరిగొస్తుంది. దీనితో ఒక కఠిన నియమం ఉంది: మాత్రకు గంట ముందు నుంచి, వేసుకున్నాక ఎనిమిది గంటల దాకా నీళ్లు దాదాపు తాగకూడదు. తాగితే ఒంట్లో నీళ్లు నిలిచి సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతులు, ఒక్కోసారి ఫిట్స్ కూడా రావచ్చు. మే నెలలో కరెంటు పోయిన రాత్రి పిల్లాడు లేచి చెంబెడు నీళ్లు తాగడం ఎంత సహజమో ఆలోచిస్తే, డాక్టర్ చీటీ లేకుండా మందుల షాపులో దీన్ని ఎందుకు కొనకూడదో అర్థమవుతుంది. జ్వరం, విరేచనాలు ఉన్న రోజుల్లో మాత్ర మానాలి. ఒకప్పుడు విరివిగా రాసిన ఇమిప్రమిన్ మోతాదు మించితే గుండెకు ప్రమాదం కాబట్టి ఇప్పుడు ముందు వరసలో లేదు.

హాస్టల్‌కు పంపే ముందు

కొన్ని లక్షణాలుంటే వంశం సంగతి పక్కన పెట్టి వెంటనే చూపించాలి. ఆగిన సమస్య మళ్లీ మొదలై, దాంతో పాటు విపరీతమైన దాహం, బరువు తగ్గడం ఉంటే అది పిల్లల్లో వచ్చే షుగర్ కావచ్చు, ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకూడదు. పగలు కూడా తడవడం, ధార సన్నగా రావడం, చుక్కలు చుక్కలుగా కారుతూనే ఉండటం, మంట, జ్వరం, నడకలో తేడా, నడుము కింద వెంట్రుకల కుచ్చు లాంటివి కూడా అలాంటివే. గురక పెట్టి, నోరు తెరిచి నిద్రపోయే పిల్లల్లో అడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే కండ) వాచాయేమో చూడాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ల లోపు పిల్లలకు బడిలోనే ఆరోగ్య పరీక్షలు జరుగుతాయి. అక్కడ ఈ సంగతి చెబితే పై ఆస్పత్రికి పంపే ఏర్పాటు ఉంటుంది.

జూన్‌లో చేరాల్సిన పిల్లాడిని మే నెలాఖరులో డాక్టర్ దగ్గరికి తీసుకెళితే చేయగలిగింది తక్కువ. సంక్రాంతి సెలవుల్లో మొదలుపెడితే అలారానికి సరిపడా నెలలు చేతిలో ఉంటాయి. మాత్ర అయితే ఇంట్లో కొన్ని వారాలు వాడి, ఎంత మోతాదుకు పక్క ఆరుతోందో ముందే చూసుకోవచ్చు. పదిమంది పడుకునే డార్మిటరీలో అలారం మోగించడం కుదరదు కాబట్టి హాస్టల్లో మిగిలేది మాత్రే. దాన్ని రోజూ ఎవరిస్తారు, రాత్రి భోజనం తర్వాత నీళ్ల నియమం ఎవరు చూస్తారు అన్నది వార్డెన్‌తోనో అక్కడి నర్సుతోనో మాట్లాడి తేల్చుకోవాలి. పరుపు కింద ప్లాస్టిక్ షీటు, అదనంగా రెండు దుప్పట్లు, మార్చుకోవడానికి తెల్లవారుజామున అయిదు నిమిషాలు దొరికితే చాలావరకు మిగతా పిల్లలకు తెలియకుండానే గడిచిపోతుంది. తడిసిన పరుపును అందరూ చూసేలా వరండాలో నిలబెట్టించడం క్రమశిక్షణ కిందికి రాదు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడంతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. మాత్ర ఇచ్చే మనిషి ఆ హాస్టల్లో ఎవరూ లేకపోతే, వీలున్న ఇళ్లలో ఆ ఏడాది ఊళ్లోని బడిలోనే ఉంచి వైద్యం పూర్తి చేయించి, చేర్చడం మరుసటి జూన్‌కు వాయిదా వేసుకోవడమే మేలు.